సముద్రము దాటి వచ్చిన తాఖీదు

కృష్ణా డెల్టాలో ఈ రోజులలో ఏ యూరి వసారాలో కూర్చున్నను, ధాన్యపు ధరతో మొదలైన మాట లండనులోనో డల్లాసులోనో ఉన్న బిడ్డల యింటి అద్దెమీదికి పోకుండ ముగియుట అరుదు. కనుక కంకిపాడులో ఇరువురు వియ్యంకులు ఇంగ్లండునందలి యొక కారు నిలుపుదల రుసుమును గూర్చి దీపాలు పెట్టిన వేళ మొదలు భోజనముల వేళ వఱకు వాదులాడికొనిరనిన చదువరులు ఆశ్చర్యపడ నక్కఱలేదు. వరుని తండ్రి ఊరిలో కామందు. మాగాణియే కాక బందరు రోడ్డు ప్రక్కను, ఒక కల్యాణమండపమున కెదురుగా, కొంత ఖాళీ స్థలము కూడ గలవాడు. వధువు తండ్రి విజయవాడ కోర్టులలో ముప్పది యేండ్లకు పైబడి సివిలు దావాలు నడిపిన ప్లీడరు. వారు మాటలాడినది మనమందఱము మాటలాడు భాషయే. నేను నా కలమునకు పట్టుబడిన తీరున వ్రాసికొనుచున్నాను.

వివాదమునకు మూలము చిన్నది. దంపతులిరువురు లెస్టరులో ఉద్యోగములు చేయుచున్నారు. కారు కోడలి పేర రిజిస్టరై యున్నది. ఆనాడు నడిపినవాడు కుమారుడు. ఒక ఆదివారము అంగళ్ల సముదాయపు ఆవరణలో కారు నిలిపిరి. అచ్చట 2 గంటలు ఉచితము. ద్వారము కడ నున్న కెమేరా లెక్కలో, కారు లోనికి వచ్చినది మొదలు వెలుపలికి పోవువఱకు 2 గంటల 17 నిమిషములైనది. ఆ స్థలమును చూచుకొను ప్రైవేటు కంపెనీ 100 పౌండ్లు కట్టుమనియు, 14 దినములలో కట్టినచో 60 చాలుననియు వ్రాసిన జాబులు, వారు ఖాళీ చేసిన పాత యింటికి పోయినవి. కొత్త యింటికి చేరినది కడపటి తాఖీదు: 30 దినములలో 170 పౌండ్లు చెల్లింపనియెడల కౌంటీ కోర్టులో దావా వేయుదుమని. దాని ఫోటో వాట్సాపులో రాగా, కామందు ఫోను తెరమీద వ్రేళ్లతో అక్షరములను సాగదీసి సాగదీసి చూచుచుండెను.

కామందు: బావగారూ, మీరు వచ్చులోపలనే అబ్బాయితో చెప్పివేయవలెననుకొంటిని. కట్టివేయుమందును. 170 పౌండ్లనగా మన లెక్కలో ఇరువది వేలకు అటునిటు. పది పన్నెండు బస్తాల ధాన్యపు వెల. ఆ మాత్రమునకు దేశము కాని దేశములో పిల్లలు కోర్టు మెట్లెక్కుట నాకు సమ్మతము కాదు. మా యింట పొలము గట్టు తగవులు కూడ పెద్దమనుష్యుల యెదుటనే తీరినవి గాని, అమీనా మా గుమ్మము త్రొక్కి యెఱుగడు. ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునన్న సామెత మీకు తెలియనిది కాదు.

ప్లీడరు: ఆ సామెత నిజమగుటవలననే గదా ముప్పదేండ్లు నా యింట పొయ్యి వెలిగినది, దానిని నేను కాదనను. అయినను ఆ ఫోను ఒకసారి ఇటు తెండు. దీనిమీద కోర్టు ముద్ర ఎక్కడ నున్నది? దావా నంబరు ఎక్కడ నున్నది? ఇది కోర్టు పంపిన కాగితము కాదు. కోర్టుకు పోవుదుమని ఒక వర్తకుడు తన వకీలుచేత వ్రాయించిన జాబు. మన యొద్ద రిజిస్టరు నోటీసు వంటిది. నోటీసు వచ్చిన ప్రతివాడును మఱునాడే డబ్బు కట్టవలసి యుండినచో నావంటి వారికి గౌను కుట్టించుకొను పనియే లేకపోవును.

కామందు: నేడు ముద్ర లేదు, రేపు వచ్చును. జరిమానా జరిమానాయే గదా. కట్టనిచో పోలీసులు వచ్చిన నేమి చేయుదురు? ఉద్యోగములో మాట వచ్చిన నేమి చేయుదురు?

ప్లీడరు: మీ భయములో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయినవి, ఆ దేశమున నున్నవారు సైతము అనేకులు ఆ పొరపాటే పడుచుండుట ఆ కంపెనీలకు కలిసివచ్చినది. వీథి ప్రక్కను కారు నిలిపినందుకు అచ్చటి పురపాలకులు వేయునది శాసనబద్ధమైన జరిమానా. ఇది అది కాదు. ప్రైవేటు నేలమీద ప్రైవేటు కంపెనీ, ఒప్పందము తప్పితివని అడుగు సొమ్ము ఇది. ద్వారము కడ నున్న బోర్డు ప్రతిపాదన యట. దానిని చూచి కారు నిలుపుట అంగీకార మట. మించి నిలిపినచో 100 పౌండ్లు ఇచ్చుకొందునని ఆ యంగీకారములోనే వాగ్దానమున్నదట. సివిలు బాకీ. దీనికి పోలీసు రాడు, జైలు లేదు; కోర్టు డిక్రీ ఇచ్చినను అది నేరమనిపించుకొనదు.

కామందు: ఒప్పందమే యందురా? అట్లయిన మీ వాదము మీ నోటనే పోయినది. ఒప్పుకొన్నవాడు ఇచ్చుకొనవలెను. నా స్థలము సంగతి మీరెఱుగుదురు. మాఘమాసము వచ్చినదా, ముహూర్తమున్న ప్రతి దినమును తెల్లవారునప్పటికి అది కార్లతో నిండియుండును. ఒకనాడు చెఱకు లోడుతో ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోవలసిన మా ట్రాక్టరు గేటు లోపల చిక్కుకొని, ఆ యడ్డముగా నున్న కారు ఎవరిదో ఎవరికిని తెలియక, పెండ్లి మైకులో నంబరు చదివించి, ఆ పెద్దమనిషి పంక్తిలోనుండి లేచి చేయి కడుగుకొని వచ్చునప్పటికి రెండు గంటలు గడచినవి. వచ్చి తప్పయినదనినాడా? 'ఖాళీ స్థలమే గదండీ' అనినాడు. ఖాళీ స్థలమునకు యజమానుడుండడా? ఆ మఱునాడే బోర్డు వ్రాయించితిని, బండి నిలిపిన 500 రూపాయలని. చదువనివాడు చదువలేదు, చదివినవాడు నవ్వినాడు. కాబట్టి లెస్టరులో నెవడో తన నేలకు కాపలా పెట్టుకొన్నాడనిన నాకు కోపము రాదు సరిగదా, ముచ్చట వేయుచున్నది.

ప్లీడరు: గొలుసు కూడ వేయించితిరని విన్నాను.

కామందు: ఒక్కసారి. చక్రమునకు చుట్టి తాళము వేసితిమి. ఐదు వందలును రాలినవి.

ప్లీడరు: మరల చేయకుడు. మనిషి పోవలసిన దారిని అడ్డగించి డబ్బు పుచ్చుకొనుట ఎక్కడికి దారితీయునో స్టేషనులో చెప్పుదురు. ఆ గొలుసు కథ ఆ దేశమున తుదిముట్ట నడచినది. స్కాట్లండులో 1992లోనే పై కోర్టు, చక్రమునకు సంకెల బిగించి సొమ్ము గుంజుట దొంగతనముతోను బెదిరింపుతోను సమానమని తేల్చెను. ఇంగ్లండులో మాత్రము ఇంకను ఇరువదేండ్లు సాగినది. అచ్చటి దావాలలో నాకు మఱపురానిది 2000 నాటి వైన్ దావా. ఆసుపత్రినుండి తిరిగివచ్చుచున్న యొక స్త్రీ, దారిలో కడుపు త్రిప్పి, కారును ప్రక్కకు తీసి నిలిపి దిగి వాంతి చేసికొని వచ్చునప్పటికి చక్రమునకు సంకెల పడినది. బోర్డు గోడమీద నున్నది. కాని దాని యెదుట మఱియొక పెద్ద కారు నిలిచియుండుటచే ఆమెకు కనబడలేదు. చూడని షరతుకు సమ్మతించినదనుట యెట్లని అప్పీలు కోర్టు ఆమెను గెలిపించెను. తుదకు 2012 అక్టోబరు 1నుండి ఇంగ్లండు, వేల్సులలో ప్రైవేటు నేలమీద సంకెలలు వేయుట నిషిద్ధమైనది. అయితే ఆ శాసనమే రెండవచేత కంపెనీలకు ఒక వరమిచ్చినది. నడిపినవాని పేరు తెలియనప్పుడు, కారు ఎవరి పేరనున్నదో వారినుండి రాబట్టుకొనవచ్చునని. వాహనముల రిజిస్టరు కార్యాలయమువారు రెండున్నర పౌండ్లు పుచ్చుకొని పేరును చిరునామాను ఇత్తురు. ఈ తాఖీదుమీద మా యమ్మాయి పేరుండుట ఆ చట్టపు చలువయే.

కామందు: ఆ వైను తల్లికి జబ్బు చేసినది, మనవాళ్లకు ఏ జబ్బును లేదు, బట్టల దుకాణములో ఆలస్యమైనది. పోనిండు. అబ్బాయి ఫోనులో మఱియొకటి చెప్పినాడు. ఇటువంటి వ్యాజ్యమే లండనులో అన్నిటికంటె పెద్ద కోర్టు వఱకు పోగా, కారువాడు ఓడినాడట గదా. ఆ సంగతి మీరు చెప్పరేమి?

ప్లీడరు: అడుగకమునుపే చెప్పవలసినది, ఒప్పుకొందును. బీవిస్ అనునాయన, చేపలు వేయించి అమ్ము దుకాణదారు. 2013 ఏప్రిలులో చెమ్స్‌ఫర్డు పట్టణమున అంగళ్ల ఆవరణలో కారు నిలిపెను. అచ్చటను 2 గంటలు ఉచితమే. ఆయన 56 నిమిషములు మించెను. పార్కింగ్ ఐ అను కంపెనీ 85 పౌండ్లడిగెను. నష్టమొక్క పెన్నీయు లేనిచోట 85 పౌండ్లడుగుట ఒప్పందము పేర వేసిన జరిమానాయే గాన చెల్లదని ఆయన వాదము. క్రింది కోర్టులో ఓడి, అప్పీలులో ఓడి, తుదకు సుప్రీము కోర్టులో 2015 నవంబరు 4న ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు కాదనగా ఓడెను. చోట్లు ఖాళీ యగుచుండిననే గాని అంగళ్లకు బేరము సాగదు. అందుకు ఆలస్యమును అరికట్టుట న్యాయమైన ప్రయోజనమే. 85 పౌండ్లు ఆ ప్రయోజనమునకు మించినది కాదు. బోర్డులా, ఇరువది వఱకు, పెద్ద అక్షరములతో నుండినవి. ఇదీ తీర్పు.

కామందు: ఇంకేమి! నా బోర్డు వ్రాయించినప్పుడు నా మనస్సులో నుండినది అదే. ఆరుగురు న్యాయమూర్తులు నా మాట యనినారు.

ప్లీడరు: తొందరపడకుడు. ఆ తీర్పులోనే మీవంటి స్థల యజమానుడు చదువదగిన పంక్తి యొకటి కలదు. ఆ కంపెనీ, ఆ స్థలము చూచుకొన్నందుకు యజమానునినుండి జీతము పుచ్చుకొనుట లేదు. యజమానునికే వారమునకు 1,000 పౌండ్లు ఎదురు చెల్లించుచుండెను. కారు నిలుపుట ఉచితము గదా. అట్లయిన ఆ వెయ్యియు, కెమేరాల ఖర్చును, గుమాస్తాల జీతమును, పైన లాభమును ఎవరినుండి రావలయును?

కామందు: ఆలస్యమైనవారినుండి.

ప్లీడరు: అందఱును గంట చూచుకొని సకాలమునకు వెడలిపోయిననాడు ఆ కంపెనీ దివాలా యెత్తును. సంతలో ఆశీలు పాట పాడినవానిని మీరెఱుగరా? పోటీ పెరిగి పాట హెచ్చుగా పోయిన యేడు, గంపకు ఐదు పుచ్చుకొనవలసినచోట పదియడిగి, కాదన్నవానితో వీథిలో కలహించుట మీకు తెలియదా? పాట సొమ్ము రాబట్టుకొనుటయే వానికి ముఖ్యము. సంత చక్కగా జరుగుట కాదు.

కామందు వెంటనే బదులు చెప్పలేదు. అందుకు కారణము నే నూహింపగలను. కూరగాయల బండ్లతో ఆశీలు పాటదారుల వలన ఆయన పడిన చికాకు ఒకటి. రెండవది, ఆ రోడ్డు ప్రక్క స్థలమును ఏడాదికింతయని లీజుకిత్తురా యని నిరుటి యేడు ఎవరో అడిగియుండిరి. వారమునకు వెయ్యి పౌండ్లన్న మాట ఆయన చెవిలో ప్లీడరు ఉద్దేశించినట్లుగా పడెనో, మఱియొక విధముగా పడెనో నేను చెప్పజాలను.

కామందు: ఆశీలువాడు చెడ్డవాడైనంతమాత్రమున ఆశీలు ఎగవేయవచ్చునా? విజయవాడలో మాలుకు పోయినపుడు టోకెను చింపి చేతికిచ్చి డబ్బడిగిన, మీరును నేనును నోరు మూసికొని ఇచ్చుచునే యున్నాము.

ప్లీడరు: మనము నోరు మూసికొనినను కొన్నిచోట్ల ప్రభుత్వములు తెఱచినవి. తెలంగాణములో 2018 మార్చిలో 63వ నంబరు జీవో తెచ్చిరి: మాలులలోను మల్టీప్లెక్సులలోను మొదటి అరగంట ఉచితము, గంటలోపల ఏ చిన్న బిల్లు చూపినను ఉచితము, గంట మించినచో, కొన్న సరకు పార్కింగు రుసుముకంటె హెచ్చయిన నది కూడ ఉచితమే. గుజరాతు హైకోర్టు 2019లో ఇంకను ముందుకు పోయి, ప్లానులో పార్కింగు చూపిననే గదా మీకు భవనము కట్ట అనుమతి దొరికినది, దానిమీద మరల రుసుమేమని అడిగెను. ఇంక మీ బోర్డు మాట. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను ప్రకారము, ఒప్పందములో ఎంత మొత్తము వ్రాసికొనినను కోర్టు ఇప్పించునది సమంజసమైన పరిహారమే. వ్రాసికొన్నది దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. మన సుప్రీము కోర్టు 1963లో ఫతేచంద్ కేసులో ఈ మార్గమే చూపినది. 2015 జనవరిలో, అనగా ఆ బీవిస్ తీర్పునకు పది నెలలు ముందుగా, కైలాస్‌నాథ్ కేసులో, అసలు నష్టమే లేనిచోట పరిహారమే లేదని స్పష్టముగా చెప్పినది. మీ 500 రూపాయలు కోర్టులో నిలువవలెనన్న, ఆనాడు ఫ్యాక్టరీ యార్డులో ట్రాక్టరు వెనుకబడుటవలన మీకెంత పోయెనో లెక్క చూపవలసి యుండును.

కామందు: చూపుదును. కాని లెస్టరులో మన 74వ సెక్షను చెల్లునా?

ప్లీడరు: చెల్లదు. అందుకే పెనాల్టీ యను వాదము జోలికి మనము పోరాదు. అది బీవిస్‌తోనే ముగిసినది. ఇంటర్నెటులో చదివి పిల్లలు మొట్టమొదట వ్రాయునది ఆ వాదమే, మొట్టమొదట ఓడునదియు ఆ వాదమే. మనకు మిగిలినవి వాస్తవములు. కెమేరా చూచినది కారు నిలిచిన కాలమును కాదు. ద్వారము దాటి వచ్చిన క్షణమును, ద్వారము దాటి పోయిన క్షణమును. ఆదివారపు రద్దీలో చోటు వెదకుకొనుచు తిరిగిన కాలమును, వెలుపలికి పోవు వరుసలో ఇంజను నడచుచుండగా నిలిచిన కాలమును కూడ దానిలో కలిసినవే. ఆ కంపెనీల సంఘములు తమకు తామే వ్రాసికొని 2024 అక్టోబరులో అమలునకు తెచ్చిన నియమావళిలో సైతము, గడువు మీఱిన పిమ్మట 10 నిమిషములు ఓర్వవలెనని యున్నది. పార్లమెంటు 2019లో చట్టము చేసి ప్రభుత్వమే నియమావళి వ్రాయవలెననెను. 2022 ఫిబ్రవరిలో వ్రాసిరి. కంపెనీలు కోర్టుకెక్కగా నాలుగు నెలలలో వెనుకకు తీసికొనిరి. అది వేఱు కథ. 17లో 10 తీసివేయుడు. 7 నిమిషముల తగవిది. ఆ యేడు నిమిషములు వరుసలో గడచినవని బ్యాంకు స్టేటుమెంటులో దుకాణపు చెల్లింపు వేళను చూపి చెప్పవచ్చును. ఇక ద్వారముకడ బోర్డు కారులో కూర్చున్నవానికి చదువనగునంత యున్నదా? థార్న్‌టన్ అను బాకా వాద్యకారుడు యంత్రమునుండి చీటీ తీసికొని కారు నిలిపిన కేసును మేము లా కాలేజీలో పాఠముగా చదివితిమి. చీటీ వెలువడిన పిమ్మట తెలిసిన షరతు వానిని కట్టదని 1970లో లార్డ్ డెన్నింగు తీర్పు. షరతు ఎంత కఠినమో అంత కొట్టవచ్చినట్లు కనబడవలెను.

కామందు: ఏడు నిమిషములు! మఱి ఈ 170 ఎట్లయినది? వందయే గదా మొదట.

ప్లీడరు: ఇప్పుడు మీరు సరియైన ప్రశ్న వేసితిరి. వసూలు ఖర్చని 70 చేర్చిరి. బీవిస్ కేసులో 85 పౌండ్లలోనే వారి నిర్వహణ ఖర్చులన్నియు ఇమిడియున్నవని కోర్టు తలచినది. ఇచ్చట మరల వసూలునకు వేఱుగా నడుగుట ఒక ఖర్చును రెండుసార్లు వసూలు చేయుట.

కామందు: సరే, వాదింతము. ఓడినచో?

ప్లీడరు: 10,000 పౌండ్ల లోపలి చిల్లర దావాలలో ఓడినవాడు అవతలివాని వకీలు ఫీజంతయు మోయనక్కఱలేదు, అసంబద్ధముగా ప్రవర్తించిననే తప్ప. కోర్టు ఫీజు 35, వకీలునకు నిర్ణయించిన ఖర్చు 50, విచారణ రుసుము 27. 170కి అవి కలిపిన 282, కొంచెము వడ్డీ. తీర్పు వచ్చిన నెలలోపల చెల్లించినచో రిజిస్టరులో పేరు కూడ మిగులదు. ఓటమికి వెల అంతయే. మౌనమునకు వెల వేఱు. జవాబు వ్రాయనియెడల నార్తాంప్టన్ నుండి నిజముగా కోర్టు కాగితము వచ్చును. అది చేరినదని లెక్కించిన నాటినుండి 14 దినములు గడువు, అందినదని తెలిపికొన్నచో 28. ఆ గడువును దాటనిచ్చినచో, ఎదుటివాడు ఒక్క సాక్ష్యము చూపనక్కఱలేకయే డిక్రీ. మన ఎక్స్‌పార్టీ డిక్రీయే. దానిని నెలలోపల తీర్చనిచో ఆఱేండ్లు రిజిస్టరులో నుండును. బ్యాంకు అప్పు పుట్టదు, అద్దె కిల్లు చూపువాడు మొగము చాటుచేయును. దానిని కొట్టివేయింప దరఖాస్తుకే 300 పౌండ్ల పైచిలుకు. ఆ కంపెనీలకు లాభము తెచ్చునది వాదించువాడు కాదు. చదువకుండ చింపివేయువాడును, చదివి భయపడి కట్టువాడును.

కామందు: పాత యింటికి పోయిన కాగితములు మనవాళ్లు చింపలేదు, చూడనే లేదు.

ప్లీడరు: ఆ తప్పు మనవారిదే. ఇల్లు మారినపుడు కారు రిజిస్టరులో చిరునామా మార్పింపవలెను. మార్పింపకుండుట ఆ దేశమున వేఱుగా ఒక నేరము, 1,000 పౌండ్ల వఱకు జరిమానా. చదువుకొనుటకు పోయి ఏడాదికొక గది మారు మన పిల్లలలో ఎందఱు ఆ పని చేయుచున్నారో నాకు సందేహమే. ఆ తొలి జాబు వీరికి అందియుండిన, 28 దినములలో కంపెనీకి అప్పీలు, అది త్రోసివేసిన, కంపెనీ ఏ సంఘమున చేరినదో ఆ సంఘమువారి మధ్యవర్తికి అప్పీలు, ఇంత దూరము రాకపోవును. అంతేకాదు, అరువది పౌండ్లతో పోవుననిన నేనే కట్టివేయుమని యుందునేమో.

కామందు: చూచితిరా! మీరును కట్టుమనువారే.

ప్లీడరు: ధర తగ్గిననాడు. ఇప్పుడు చేయవలసినది ముప్పది దినములలోపల జవాబు. తాఖీదుతో వచ్చిన ఫారములో బాకీ లేదని గుర్తుపెట్టి, పత్రములు పంపుమని అడుగవలెను. 2017 అక్టోబరునుండి అమలులో నున్న నియమము ప్రకారము, అడిగిన పత్రములు పంపిన పిమ్మట 30 దినములు గడువకుండ వారు దావా వేయరాదు. ఇంక ఒక మెలకువ కలదు. అది వ్రాయుటకు మునుపు మీతో చెప్పవలెను. జవాబు అమ్మాయి వ్రాయును, కారు తన పేరనున్న మనిషిగా వ్రాయును. నడిపినది ఎవరో వ్రాయదు.

కామందు: ఎందుకు వ్రాయదు? నడిపినది నా కొడుకు.

ప్లీడరు: మీకును నాకును తెలియును, కంపెనీకి తెలియదు. 2012 చట్టము ప్రకారము, కారు పేరుగల మనిషినుండి వారు రాబట్టగలది తొలి నోటీసులో వ్రాసిన మొత్తమే. వంద. ఆ 70 ఆమెనుండి రాదు. పైగా, అద్దముమీద చీటీ పెట్టక కెమేరాతో పట్టినచోట తొలి నోటీసు 14 దినములలో చేరియుండవలెను. ఒక్క దినము ఆలస్యమైనను ఆమెమీద వారికి హక్కే లేదు. నడిపినవాడు ఫలానా యని చెప్పితిమా, ఈ రెండు కవచములును మన చేతులతో మనమే విప్పి వారి చేతికిచ్చితిమి. 70 మీద వాదము మిగులును గాని, కవచము మిగులదు.

కామందు: నాకీ మెలకువ నచ్చలేదు. కారు నడిపినవాడు మగవాడు. తాఖీదు వచ్చినది ఆడపిల్ల పేర. రేపు కోర్టు వఱకు పోయినచో ప్రతివాది యని పిలిపించుకొనునది మా యింటి కోడలు, మీ కన్నకూతురు. వాడు ప్రక్క కుర్చీలో కూర్చుండి వినుచుండునా?

ప్లీడరు: అబద్ధమాడుమని నే ననుట లేదు. కోర్టులో ప్రమాణము చేయించి అడిగిననాడు నిజమే చెప్పుదురు. కాని చెప్పవలసిన విధి లేనిచోట చెప్పకుండుట అబద్ధము కాదు. రుజువు చేయు భారము వాదిది. ముప్పదేండ్లుగా నేను కక్షిదారులకు చెప్పిన మొదటి మాట యిదే.

కామందు: మీ కక్షిదారులకు చెప్పినది బాగుగనే యున్నది. మనము ఊరకుండుటవలన ఆ కంపెనీకి డెబ్బది పౌండ్లు తక్కువయగునని నాకు దిగులు లేదు. భార్య పేరు చాటున ఊరకుండుట వానికి అలవాటగునేమోనని నాకు దిగులు.

ప్లీడరు కండ్లజోడు తీసి తుడుచుకొనెను గాని బదులు చెప్పలేదు. తన కూతురి పక్షమున వియ్యంకుడు వాదించుచుండగా తాను అల్లుని పక్షమున సెక్షన్లు చెప్పుచున్నట్లు అప్పుడు తట్టినది కాబోలు. నన్నడిగినచో, ఆ మాటకు డెబ్బది పౌండ్లు పెద్ద వెల కాదందును; కాని నన్నెవరును అడుగలేదు.

ప్లీడరు: అట్లయిన మీరొకటి విడువుడు, నేనొకటి విడుతును. నడిపినది తానేయని అబ్బాయి తన పేరనే జవాబు వ్రాయును. కట్టివేయుదమను మాట మీరు మరల యెత్తవలదు.

కామందు: ఎత్తను. ఓడినచో ఆ 282 నేను పంపుదును. వాని జీతములోనిది ఖర్చు పెట్టవలదు. ఏమి వ్రాయింతురో చెప్పుడు, విందును.

ప్లీడరు: బాకీ లేదు. మీరు చూపినది ద్వారము దాటిన వేళలే గాని కారు నిలిచిన వేళలు కావు. మించిన నిమిషములలో పది మీ నియమావళియే మన్నించుచున్నది. ఆనాడు ద్వారముకడ బోర్డు ఎచ్చట, ఎంత ఎత్తున, ఎంత అక్షరములతో నుండెనో తేదీతో కూడిన ఫోటో పంపుడు. తొలి నోటీసు తపాలాలో వేసిన తేదీకి ఆధారము పంపుడు. చేర్చిన 70 దేనికి ఎవరికి చెల్లించితిరో రసీదు పంపుడు. ఆ స్థలమున కారులమీద దావా వేయుటకు యజమానుడు మీకిచ్చిన యధికారము, అనగా ఆయనతో చేసికొన్న ఒప్పందపు నకలు, పంపుడు. కొత్త చిరునామా ఇది. ఇకమీదట అన్నియు దీనికే పంపవలెను. ఇంతే. తిట్టు లేదు, ప్రార్థన లేదు.

కామందు: నకలు పంపుదురా?

ప్లీడరు: పంపిన, సగము పంక్తులమీద నల్లసిరా పూసి పంపుదురు. వ్యాపార రహస్యమందురు.

కామందు: అట్లయిన ఇంకొక్క మాట చేర్పించుడు. యజమానునికి వారమునకు ఎంత ముట్టుచున్నదో, ఆ పంక్తిమీద మాత్రము సిరా పూయకుండ పంపుమనుడు.